భవంతిలో హత్య, గడిలో హత్య

సినిమాను గురించి మన విద్యార్థులు ఈ మధ్య తరచుగా వాడుతున్న మాట ప్రాతినిధ్యం. తెరమీద ఎవరు కనిపిస్తున్నారు, ఎవరు కనిపించడం లేదు, కనిపించేవారు ఏ రూపంలో కనిపిస్తున్నారు అని అడగడం మంచి అలవాటే. దళితులు, ఆదివాసులు, ముస్లిములు, తెలంగాణ పల్లెజనం మన చిత్రాలలో ఎన్నాళ్లు నవ్వులాటకో జాలికో మాత్రమే పనికివచ్చారో ఎరిగినవారెవరూ ఈ ప్రశ్నను తోసిపుచ్చలేరు. అయితే ఈ ప్రశ్న క్రమంగా తలలు లెక్కపెట్టే పనిగా మారుతున్నది. ఫలానావారు ఇద్దరున్నారు, ఫలానావారు ఒకరున్నారు, కనుక చిత్రం అభ్యుదయకరమైనదని తీర్పు చెప్పేవారు బయలుదేరారు. ఈ కొలబద్ద ఎంతవరకు నమ్మదగింది?

దీనిని పరీక్షించడానికి ఒక ప్రత్యేకమైన చిత్రజాతిని తీసుకుందాం. ఊరికి దూరంగా ఒక సంపన్నుడి భవంతి. అందులో ఒక హత్య. ఇంట్లోవున్న వారందరి మీద అనుమానం. చివరకు డిటెక్టివు అందరినీ ఒక హాలులో కూర్చోబెట్టి హంతకుణ్ణి వేలెత్తి చూపిస్తాడు. ఈ కథ మనకు కొత్తది కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ వెంట తెలుగు యువకులు ఒక తరంపాటు పరుగులు తీశారు. 1967లో ఏవీయం వారు తిరులోకచందర్ దర్శకత్వంలో తెలుగులో కృష్ణతో ‘అవేకళ్లు’, తమిళంలో రవిచంద్రన్‌తో ‘అదే కణ్‌గళ్’ తీసి, ఒక సంపన్న కుటుంబంలో వరసగా జరిగే హత్యలను రంగులలో చూపించారు.

ఈ చిత్రజాతినే తీసుకోవడానికి కారణం వున్నది. తక్కిన చిత్రాలలో నౌకరును దాచిపెట్టవచ్చు. ఇందులో సాధ్యం కాదు. కాఫీ ఎవరో తేవాలి. తలుపు ఎవరో తియ్యాలి. తెల్లవారి గది వూడ్చబోయి శవాన్ని చూచి కేకవేసేది సాధారణంగా పనిమనిషే. యజమాని వర్గమూ సేవక వర్గమూ ఒకే కప్పుకింద, ఒకే రాత్రి, ఒకే అనుమానం కింద వుండక తప్పని కథ ఇది. వర్గసంబంధాలను దాచడం ఇక్కడ కష్టం. అయినా దాచారంటే ఎట్లా దాచారో చూడడం మనకు పాఠం అవుతుంది.

ఈ జాతికి పేరుతెచ్చిన రచనలలో ఒకటి ఆగథా క్రిస్టీ 1939లో ప్రచురించిన నవల. పదిమందిని ఒక దీవిలోని ఇంటికి రప్పించి ఒకరి తరవాత ఒకరిని చంపే కథ. ఆ నవలకు ఇంగ్లండులో మొదట పెట్టిన పేరులో నల్లజాతివారిని అవమానించే తిట్టు వున్నది. అమెరికాలో 1940లోనే పేరు మార్చారు. ఇంగ్లండులో మాత్రం దశాబ్దాలపాటు ఆ మాట అట్ట మీద అట్లాగే సాగింది. కథలో నల్లవారెవరూ లేరన్నది గమనించదగిన విషయం. మనిషికి ఆ ఇంటిలో చోటులేదు, అతని మీది తిట్టుకు అట్టమీద చోటున్నది.

ఈ కథనే హిందీవారు 1965లో ‘గుమ్‌నామ్’ పేరుతో చెప్పుకున్నారు. దారితప్పిన ప్రయాణీకులు ఒక పాడుపడిన భవంతికి చేరతారు. అక్కడ వారికి అన్నంపెట్టే బట్లరు మెహమూద్. ఆ బట్లరు మాట్లాడే భాష మన హైదరాబాదు దక్కనీ ఉర్దూ. తన నల్లరంగును గురించి అతడు పాడే పాట దేశమంతా మోగింది. తలలు లెక్కపెట్టేవారి కొలత ప్రకారం ఈ చిత్రం నెగ్గినట్లే. దక్కను మనిషి వున్నాడు, నల్లని మనిషి వున్నాడు, నౌకరు వున్నాడు. పైగా అతడే జనం మెచ్చిన పాత్ర. కాని అతని భాషను అక్కడ పెట్టింది అతడు ఏం చెబుతాడో వినడానికి కాదు, ఎట్లా చెబుతాడో విని నవ్వడానికి. హత్యల మధ్య ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకోవడానికి ఒక యాస కావలసి వచ్చింది. తెలుగు చిత్రాలలో తెలంగాణ మాట చాలాకాలం చేసిన పని కూడా ఇదే. కథానాయకుడికి పుస్తకాల తెలుగు, హాస్యగాడికీ రౌడీకీ మన తెలుగు.

ఇక ఈ లోపాన్ని ఎరిగి, సరిదిద్దాలని తీసిన చిత్రాలను చూద్దాం. రాబర్ట్ ఆల్ట్‌మన్ 2001లో తీసిన ‘గాస్‌ఫర్డ్ పార్క్’ వాటిలో ఉత్తమమైనది. కాలం 1932. వేటకు వచ్చిన అతిథులు మేడమీద, వారి నౌకర్లు కిందగదుల్లో. వచ్చిన నౌకర్లకు సొంతపేర్లు కూడా వుండవు. ఎవరి యజమాని పేరుతో వారిని పిలుస్తారు. ఇంటి యజమాని సర్ విలియం హత్యకు గురవుతాడు. వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టరు నౌకర్లను గురించి తనకు అక్కర లేదనీ, చనిపోయినవాడితో నిజమైన సంబంధం వున్నవారే కావాలనీ అంటాడు. నిజమేమిటంటే, చనిపోయినవాడితో అందరికన్నా గట్టి సంబంధం వున్నది నౌకర్లకే. తన ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లను చెరిచి, పుట్టిన బిడ్డలను అనాథాశ్రమానికి చేర్చినవాడు ఈ సర్ విలియం. ఆ బిడ్డలలో ఒకడు ఆ రాత్రి ఆ ఇంట్లో నౌకరుగా వున్నాడు. అతణ్ణి కన్నతల్లి అదే ఇంటి పెత్తనం చూస్తున్నది. ఈ సంగతి ఇన్‌స్పెక్టరుకు చివరిదాకా తెలియదు. తెలుసుకున్నది ఒక చిన్న పనిపిల్ల. చట్టానికి కన్ను లేని చోట సేవకురాలికి కన్నున్నదని ఆల్ట్‌మన్ చెప్పాడు. ఇది గొప్ప మాట.

తరవాతది రియాన్ జాన్సన్ 2019లో తీసిన ‘నైవ్స్ ఔట్’. ప్రాతినిధ్యం మాట వచ్చినప్పుడల్లా మన మిత్రులు ముందుగా ఎత్తుకునే చిత్రం ఇదే. ధనికుడైన ముసలి రచయిత మరణిస్తాడు. అతనికి సేవచేసిన నర్సు మార్తా లాటిన్ అమెరికా నుంచి వచ్చిన కుటుంబం పిల్ల; ఆమె తల్లికి అమెరికాలో వుండడానికి కాగితాలు లేవు. ఆమెను మా ఇంటిమనిషి అని చెప్పుకునే ఆ కుటుంబంలో ఒక్కరికీ ఆమెది ఏ దేశమో సరిగా తెలియదు. ఒక్కొక్కరు ఒక్కొక్క దేశం పేరు చెబుతారు. ఈ వ్యంగ్యం పదునైనది. వీలునామా ప్రకారం ఆస్తి అంతా మార్తాకు వస్తుంది. చివరి దృశ్యంలో ఆమె మేడమీద నిలబడి వుంటే, వారసులందరూ కింద వాకిట్లో నిలబడి తలెత్తి చూస్తారు. చప్పట్లు కొట్టదగిన దృశ్యమే.

కాని ఆ చప్పట్లలో మనం మరిచిపోయిన ఒక సంగతి వున్నది. ఆ చిత్రంలో నిజంగా హత్యకు గురైంది ఎవరు? ముసలి రచయిత తన గొంతు తానే కోసుకున్నాడు. మరొకరి చేతిలో చచ్చిపోయింది ఒక్కరే. ఆ ఇంటి పనిమనిషి ఫ్రాన్. ఆమె ఇంటి మనవడి గుట్టు కనిపెట్టింది, అతణ్ణి బెదిరించబోయింది, అతడు ఆమెకు విషపు మోతాదులో మత్తుమందు ఎక్కించాడు. హంతకుడు పట్టుబడేది కూడా ఈ చావు వల్లనే. అయినా సినిమా చూసి బయటికి వచ్చిన వారిని హతుడెవరని అడగండి, ముసలాయన పేరే చెబుతారు. ప్రచారమంతా ఆయన చావు చుట్టూనే సాగింది. ఫ్రాన్‌కు ఇల్లెక్కడ, ఆమె కోసం ఏడ్చేవారు ఎవరు అన్న ప్రశ్న చిత్రానికి తట్టలేదు. వలసవచ్చిన నర్సుకు భవంతిని అప్పగించిన చేతులే పనిమనిషి శవాన్ని కథకు కీలుగా వాడుకుని పక్కన పెట్టాయి.

ఇక్కడ మన కొలబద్దను మార్చుకోవలసిన అవసరం కనిపిస్తుంది. తెరమీద ఎందరున్నారన్న ప్రశ్న చాలదు. ఎవరి చావును కథ హత్యగా గుర్తిస్తుంది, ఎవరి చావుతో కథ మొదలవుతుంది, ఎవరి సాక్ష్యాన్ని కథ వింటుంది అని అడగాలి. ముఖం కనిపించడం ప్రాతినిధ్యానికి మొదటి మెట్టు. ఆ మనిషి ప్రాణానికి విలువ కట్టడం దాని సారం.

ఈ కొలబద్దతో మన ఇంటికి వద్దాం. మనకూ భవంతులున్నాయి. వరంగల్లు నుంచి జనగామ వైపు ఏ దారిన పోయినా కొంతకాలం కిందటిదాకా గడి గోడలు కనిపించేవి. కొన్ని కూలిపోయాయి, కొన్ని పాడుబడి వున్నాయి. ఎత్తయిన గోడ, పెద్ద దర్వాజ, లోపల దొర కచేరి, వెనక వంటశాల, గాదెలు, పశువుల కొట్టాలు. ఇంగ్లీషు భవంతిలో నౌకరుకు ఎంత తక్కువైనా జీతం వున్నది. గడిలో నడిచింది వెట్టి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, మాల, ప్రతి కులానికీ గడికి చెయ్యవలసిన పని రాసిపెట్టి వున్నట్లే నడిచింది. దొర కూతురు పెళ్లయి అత్తవారింటికి పోతే ఆమెతో పాటు ఒక పిల్లను కూడా పంపేవారు. ఆమెను ఆడబాప అన్నారు. ఆ పిల్ల దొరసానికి పనిమనిషి, దొరకు అడిగినప్పుడల్లా అందవలసిన ఆడది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవల చదివినవారికి ఈ లోకం తెలుసు.

ఈ లోకాన్నే బి.నర్సింగరావు 1988లో ‘దాసి’ చిత్రంగా తీశాడు. దీనిని హత్యాచిత్రమని ఎవరూ అనలేదు. కళాత్మక చిత్రమన్నారు, జాతీయ బహుమతులు ఇచ్చారు. నటి అర్చనకు, ఛాయాగ్రాహకుడు ఎ.కె.బీర్‌కు, కళాదర్శకత్వం వహించిన చిత్రకారుడు తోట వైకుంఠానికి. ఆ గౌరవాలన్నీ తగినవే. కాని ఒకసారి దానిని భవంతిలో హత్య కథగా చూడండి. కాలం 1920ల నాటిది. గడిలో దొర, దొరసాని. వారికి పిల్లలు లేరు. కట్నంలో భాగంగా వచ్చిన దాసి కమలాక్షి దొర వల్ల గర్భవతి అవుతుంది. దొరసాని ఆ గర్భాన్ని తీయించివేయిస్తుంది. డిటెక్టివు నవలకు కావలసిన సరంజామా అంతా ఇక్కడ లేదా? ఆస్తి వున్నది. వారసుడి సమస్య వున్నది. అసూయ వున్నది. నేరం వున్నది. చూసినవారు, విన్నవారు, సాయంపట్టినవారు ఇల్లంతా వున్నారు. లేనివాడు ఒక్కడే, విచారణ జరిపేవాడు.

ఆ నేరం గర్భం పోవడంలో మాత్రమే వున్నదని నేననడం లేదు. తన శరీరం మీద, తన గర్భం మీద కమలాక్షికి హక్కు లేకపోవడం అసలు నేరం. గర్భం ధరించడానికి ఆమెను అడిగినవాడు లేడు. తీసివేయడానికి అడిగినవారూ లేరు. ఈ నేరానికి ఆనాటి ఏ రికార్డులోనూ శీర్షిక లేదు.

విచారణ జరిపేవాడు ఎందుకు లేడు? అది కథకుడి లోపం కాదు. నిజాం పాలనలో ఊళ్లో పోలీసు అధికారం పోలీసు పటేలుది, భూమి లెక్కలు పట్వారివి. ఇవి వంశపారంపర్యపు వతనులు. చాలా ఊళ్లలో ఈ పదవులు దొర కుటుంబం చేతుల్లోనో, దొర కనుసన్నల్లోనో వున్నాయి. నేరం జరిగిందని రాసి పంపవలసినవాడే నేరం జరిగిన ఇంటి మనిషి. ఇంగ్లీషు కథలో డిటెక్టివు బయటినుంచి వచ్చి తలుపు తట్టగలడు. ఇక్కడ ఆ తలుపు తట్టవలసినవాడు లోపలే భోజనం చేస్తున్నాడు. కాబట్టి, హంతకుడెవరు అన్న ప్రశ్న మీద నడిచే కథ గడిలో పుట్టే అవకాశమే లేదు. హంతకుడెవరో అందరికీ తెలుసు. తెలిసి పలకలేకపోవడమే అక్కడి రహస్యం.

దీనికి చరిత్రలోనే సాక్ష్యం వున్నది. 1946 జులై 4న కడవెండిలో సంఘం ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య చచ్చిపోయాడు. ఈ హత్యను ఛేదించడానికి భూతద్దం అవసరం లేకపోయింది. ఎవరు కాల్చారో, ఎవరి కోసం కాల్చారో ఊరంతటికీ తెలుసు. ఆ రోజు జరిగిన కొత్త సంగతి ఏమిటంటే, గడి మనుషుల చేతిలో ఒక గొల్లకురుమ పిల్లవాడు చచ్చిపోతే, దానిని జనం మొదటిసారిగా ఖర్మ అనలేదు, హత్య అన్నారు. పోలీసు రాయని నేరాన్ని జనం తమ నోట రాసుకున్నారు. అక్కడినుంచి కథ మొదలయింది. ఆ కథ పేరు తెలంగాణ సాయుధ పోరాటం.

ఇట్లా చూస్తే ‘దాసి’కి వున్న గొప్పతనమూ, దాని పరిమితీ రెండూ స్పష్టమవుతాయి. దొరసాని గదిలో కాక దాసి పక్కన కెమెరాను నిలబెట్టడం గొప్పతనం. ఇంటిపనిని, నీళ్లు మోయడాన్ని, కాళ్లు కడగడాన్ని, ఎదురుచూపును ఓపికగా చూపించడం గొప్పతనం. కాని కమలాక్షికి చిత్రంలో మాటలు తక్కువ. ఆమె బాధ మనకు తెలుస్తుంది, ఆమె ఆలోచన మనకు అంతగా తెలియదు. ఆమె దొరను గురించి ఏమనుకున్నది, దొరసానిని గురించి ఏమనుకున్నది, తోటి పనివాళ్లతో వెన్నెల రాత్రి ఏమి చెప్పుకున్నది? ఆ కాలంలో దాసికి నోరు ఎక్కడిదని మిత్రులు అడగవచ్చు. దొర ముందు నోరు లేదు, నిజమే. వంటశాలలో వుండకపోతుందా? ‘గాస్‌ఫర్డ్ పార్క్’లో పనిపిల్లకు దక్కిన అన్వేషకురాలి స్థానం మన ఆడబాపకు ఇంకా దక్కలేదు. ఆమె చిత్రంలో బాధితురాలు. సాక్షిగా కూడా ఆమెను పిలవవలసి వున్నది.

‘దాసి’ వచ్చిన మూడు దశాబ్దాలకు, 2019లో, ‘దొరసాని’ అనే చిత్రం వచ్చింది. గడి పిల్లనూ ఊరి పిల్లవాణ్ణీ ప్రేమికులుగా చేసిన విషాదగాథ. గడి క్రూరత్వాన్ని అది దాచలేదు. కాని ప్రేక్షకుడి కళ్లు గడి కిటికీ మీద, ఆ కిటికీలో కనిపించే ముఖం మీద నిలిచాయి. దొరసాని కన్నీరు అందంగా కనిపించినంతగా ఆమె వెనక నిలబడిన పనిమనిషి చెమట కనిపించదు. అంతకు ముందు ఏడాది వచ్చిన ‘రంగస్థలం’ ఈ విషయంలో ఒక అడుగు ముందుకు వేసింది. దొర హంతకుడని ప్రేక్షకుణ్ణి నమ్మించి, చివరకు కూతురి ప్రేమకు కులం అడ్డువచ్చిన పెద్దమనిషిని హంతకుడుగా చూపింది. మంచివాడుగా కనిపించిన నాయకుడి ఇంట్లోనే నేరం బయటపడడంలో, రహస్యకథ శిల్పం మన కులసమాజానికి పనికివచ్చింది. హంతకుణ్ణి కనిపెట్టేవాడు చెవుడున్న మామూలు పల్లెమనిషి కావడం కూడా గమనించదగింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. వినోదం కోసం తీసిన చిత్రాలను ఇంత బరువైన ప్రశ్నలు అడగడం న్యాయమా? తెరమీద మన ముఖాలు, మన మాట కనిపించడమే ఒక విజయం కాదా? ‘ఫిదా’ నాయిక 2017లో తెలంగాణ మాట మాట్లాడితే, ‘బలగం’ 2023లో ఒక పల్లె ఇంటి చావును మన భాషలో చెబితే మనకు సంతోషం కలగలేదా? కలిగింది. హాస్యగాడి నోటినుంచి నాయిక నోటికి మన మాట చేరడానికి అన్నేళ్లు పట్టిందంటే, ఆ విజయాన్ని చిన్నచూపు చూడవలసిన పనిలేదు. చిత్రరంగంలో పని దొరకడం కూడా అన్నం మాటే. ఎవరికి పాత్రలు దొరుకుతున్నాయన్న లెక్క అందుకు అవసరం. ఆ లెక్క వద్దనడం లేదు. ఆ లెక్క దగ్గరే ఆగిపోతే గుమ్‌నామ్ బట్లరుకు కూడా బహుమతి ఇవ్వవలసి వస్తుందని మాత్రమే అంటున్నాను.

వినోదం అన్న మాటకు కూడా జవాబున్నది. హత్యాచిత్రం ప్రేక్షకుడికి ఒక అలవాటు నేర్పుతుంది. ఏ చావును చూసి ఉలిక్కిపడాలో, ఏ చావును దాటిపోవాలో రెండు గంటలలో నేర్పుతుంది. ఆ అలవాటుతోనే మనం ఉదయం పత్రిక తెరుస్తాం. మేడలో చచ్చిపోయినవాడికి మొదటి పేజీ, ఆ మేడ కడుతూ పడి చచ్చిపోయిన కూలికి లోపలి పేజీలో మూడు పంక్తులు. దీనిని సహజమనుకునే మనసును తయారుచేసినవాటిలో కథలకూ వాటా వున్నది.

‘నైవ్స్ ఔట్’ చివరి దృశ్యానికి తిరిగివద్దాం. మార్తాకు భవంతి ఎట్లా వచ్చింది? యజమాని మెచ్చి, వీలునామాలో రాసి ఇచ్చాడు. ఆమె అబద్ధమాడితే వాంతి చేసుకునేటంత మంచిది కనుక ఇచ్చాడు. బీదవాడు దేవుడంత మంచివాడయితే తప్ప ఆస్తికి అర్హుడు కాడన్నది ఈ కథలోని లోపలి షరతు. పాలకుర్తి అయిలమ్మ పంటను దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోవడానికి వచ్చినప్పుడు, ఆమె మంచితనానికి ఎవరూ పరీక్ష పెట్టలేదు. దున్నింది ఆమె, పండించింది ఆమె, కాబట్టి పంట ఆమెది అన్నారు. సంఘం నిలబడి పంటను ఇంటికి చేర్చింది. దొర దయతో వచ్చిన ఇల్లు వేరు, హక్కుతో నిలబెట్టుకున్న చేను వేరు. మన కథలకు ఈ రెండో దారి తెలుసు.

కనుక మన విద్యార్థులకు నేను చెప్పగలిగింది ఇది. భవంతిలో హత్య చిత్రం చూసినప్పుడు, తెరమీద ఎందరు మనవాళ్లున్నారో లెక్కపెట్టండి. ఆ తరవాత ఇంకొక లెక్క వెయ్యండి. ఆ కథలో ఎందరు చచ్చిపోయారు, వారిలో ఎందరి చావును డిటెక్టివు పట్టించుకున్నాడు? ఆ రెండు సంఖ్యలకు మధ్యవున్న తేడాలోనే ఆ చిత్రం ఎవరి పక్షమో తెలుస్తుంది. గడి గోడలు ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. ఆ వంటశాలల్లో బతికిన ఆడబాపల కథలు విన్నవారు ఈ జిల్లాల్లో ముసలివారుగా ఇంకా కొందరున్నారు. వారు పోకముందే ఆ కథలు రాసుకోవలసిన బాధ్యత మనది. గడి హత్యకు మొదటి విచారణ అక్కడే జరగాలి.